గడప మీద కూర్చున్న స్వామి

2024 జూన్ పద్నాలుగు, శుక్రవారం. ఆ పూట జనార్దనరావు వండింది అల్లం కారం పెట్టిన వంకాయ కూర. ఉప్పు ఎక్కువైంది. కూతురు గీతాంజలి ఇంకాస్త అన్నం కలుపుకుంది. భార్య పోయాక వంట నేర్చుకున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి?

ఆ తేదీ ఆయనకు గుర్తుండిపోయింది మాత్రం కూర వల్ల కాదు, మనవరాలి వల్ల. పదమూడేళ్ల అరుణశ్రీ బడి పిల్లలతో చైనాలోని ఫూజియన్ రాష్ట్రం చూసి, ఆ సాయంత్రమే వీళ్లు స్థిరపడ్డ ద్వీప దేశానికి తిరిగొచ్చి, జురాంగ్ వెస్ట్‌లోని ఇంటికి చేరింది. ఎప్పటిలాగే గడప మీంచి ఒక్క గెంతు గెంతి లోపలికొచ్చింది.

ఆ ప్రయాణంలో ప్రతి పిల్లా ఏదో ఒక పురాతన కట్టడం దగ్గర నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడాలని టీచరు ముందే చెప్పింది. జురాంగ్ ఐలాండ్‌లో ముప్పై ఏళ్లు ఇంజనీరుగా చేసిన తాతయ్య ఊరుకుంటాడా? అక్కడి పాత రాతి వంతెన గురించి, పునాది రాళ్లను ఆల్చిప్పలు పెంచి అతికించిన ఉపాయం గురించి నాలుగు పేజీలు రాసిచ్చాడు.

రాసిచ్చాడే గానీ దిగులు పోలేదు. రెండేళ్ల కిందట ఉగాది సభలో ప్రహ్లాదుడి కథ చెప్పడానికి స్టేజి ఎక్కి, నోట మాట రాక ఏడుస్తూ దిగిపోయింది ఈ పిల్లే. కథ నేర్పిన అమ్మమ్మ తారాదేవి అదంతా ఆస్పత్రి మంచం మీంచి ఫోనులో చూసింది. ఆ నెలలోనే పోయింది. అప్పట్నుంచీ పిల్ల తెలుగులో అడిగితే ఇంగ్లీషులోనే జవాబిస్తుంది. తారాదేవి చెప్పినవన్నీ తారాదేవితోనే వెళ్లిపోయాయేమోనని ఆయన బెంగ.

"మాట్లాడావా తల్లీ?"

"యా, తాతయ్యా. బట్ నీ పేపర్స్ బస్‌లో వదిలేశా. సారీ లా!" అంది ఇక్కడి పిల్లల యాసలో.

"అయ్యో నాన్నా, మీ వంతెన కూలిపోయిందే!" అంది గీతాంజలి.

"కూలలేదమ్మా, బస్సెక్కి పోయింది. మరి దేని గురించి మాట్లాడావే?"

అరుణశ్రీ ఫోను ఆయన చేతిలో పెట్టింది. స్నేహితురాలు తీసిన వీడియో. చ్వాన్‌జౌ ఊళ్లో ఒక బౌద్ధాలయం, వెనకవైపు రెండు రాతి స్తంభాలు. ఎన్నో వందల ఏళ్ల కిందట అక్కడ కాపురమున్న మన దేశపు వర్తకులు కట్టుకున్న గుడి శిథిలమైతే, దాని స్తంభాలు తెచ్చి ఇక్కడ నిలబెట్టారట. ఒకదాని మీద సింహం మొహం, ఒడిలో అడ్డంగా ఒక మనిషి.

ఈ కథ ఎవరికైనా తెలుసా అని టీచరు అడిగింది. ఒక్క చెయ్యే లేచింది, అరుణశ్రీది.

కథంతా ఇంగ్లీషులోనే సాగింది. స్తంభం దగ్గరికొచ్చేసరికి పిల్ల ఆగింది. చేతిలోని నీళ్ల సీసా మీద వేలి కణుపులతో మూడుసార్లు కొట్టింది. తారాదేవి బియ్యం డబ్బా మీద అచ్చం అలాగే కొట్టేది.

"ఇందులో ఉన్నాడా?" అంది గొంతు బొంగురు చేసి, తెలుగులో. వెంటనే మెత్తగా, "ఉన్నాడు నాన్నా."

నలభైమంది పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటున్నారు.

"అక్కడ తెలుగెందుకే?" ఆయన ఫోను మీంచి తలెత్తి అడిగాడు.

"ఇంగ్లీష్‌లో చెప్తే వినేవాళ్లకి భయం వెయ్యదు తాతయ్యా," అంది తెలుగులోనే. "అక్కడ టెంపుల్‌లో కూడా గడప తొక్కకూడదంట. టీచర్ చెప్పింది. నాకు ముందే తెలుసు. నరసింహస్వామి కూర్చునేది అక్కడే కదా, అమ్మమ్మ చెప్పింది."

అయితే ఇన్నాళ్లూ ఆ గెంతు చిన్నపిల్ల గెంతు కాదన్నమాట!

ఆయన వీడియో మూడుసార్లు చూశాడు. అదే ఊళ్లో టోవా పాయో పేటలో ఉన్న స్నేహితుడు రాజారావుకి ఫోను చేశాడు.

"మా మనవరాలు చైనాలో కథ చెప్పి వచ్చిందోయ్!"

"మరి నీ వంతెనేమైందయ్యా? నెల రోజులు నా బుర్ర తిన్నావుగా?"

"దాన్ని ఆల్చిప్పలు చూసుకుంటాయిలే. కథ విను ముందు."

ఆయన కథ ముగించేసరికి అరుణశ్రీ సోఫాలోనే నిద్రపోయింది. గీతాంజలి దుప్పటి కప్పింది. బయట పిల్ల బూట్లు చెరొక దిక్కున పడి ఉన్నాయి, అడుగున ఇంకా ఆ ఊరి మట్టితో. జనార్దనరావు గడప దాటి వెళ్లి వాటిని జతగా పెట్టాడు. దులపలేదు. మళ్లీ గడప తొక్కకుండా కాలెత్తి లోపలికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.