పనిమనిషి అల్లిన ఈతాకు పట్టీ

గురువారం గురువారం మసాకా ఊరి చర్చి వెనక గదిలో మతిమరుపు జబ్బు ముసలివాళ్లు పోగవుతారు. కవలల్ని కన్నందుకు అందరూ నాలోంగో అని పిలిచే ఆవిడ, ఇంకో ముగ్గురాడవాళ్లు జీతం భత్యం లేకుండా వాళ్లచేత పాడిస్తారు, డోలు కొట్టిస్తారు, రంగులద్దిన ఈతాకుతో పట్టీలు అల్లిస్తారు. ఆ పట్టీలు పక్కపక్కన కుడితే చాప. కన్నబిడ్డ పేరడిగితే తెల్లమొహం వేసే నకాయిజా, ఆకు చేతికిస్తే వంకర లేకుండా అల్లుతుంది.

ఆ వారం ఆమె చూపంతా గుమ్మం మీదే ఉంది.

"తొందరగా పంపించెయ్యమ్మా. అమ్మగారింట్లో అంట్లున్నాయి."

"ఏ అమ్మగారు పిన్నీ?"

"నబ్బోసా అమ్మగారు. కొత్తగా పనిలో పెట్టుకుంది."

నబ్బోసా అంటే నకాయిజా కన్నకూతురే. ఆడపిల్లల బడికి పెద్ద పంతులమ్మ.

మొన్న ఆదివారం బడి కమిటీవాళ్లు నబ్బోసా ఇంటికొచ్చారు. కూతురే తల్లికి మోకరిల్లి పలకరించడం అక్కడి ఆచారం గానీ, ఆ రోజు తల్లే వచ్చి కూతురి ముందు మోకాళ్లు వంచింది. "బాగున్నారా అమ్మగారూ?"

"ఎవరండీ ఈవిడ?" అన్నాడు కమిటీ పెద్ద.

"కొత్త పనిమనిషి," అంది నబ్బోసా. చదువుకున్న నాలుక, తడుముకోలేదు.

తల్లి ఆ మాట నమ్మింది. మర్నాడు తెల్లారేసరికి గచ్చు తుడుస్తోంది. నబ్బోసా చూసింది, సిగ్గుతో చచ్చిపోయింది, గుడ్డ మాత్రం లాక్కోలేదు. శనివారానికి బండి మాట్లాడింది, ముసలిదాన్ని పల్లెలో దూరపు చుట్టం ఇంట్లో దించేయడానికి.

చర్చి గదిలో నకాయిజా చేతిలో ఆకు కింద పెట్టింది. పట్టీ ఆగలేదు. తనంతట తనే అల్లుకుంటూ గుమ్మం దాటి రోడ్డెక్కింది. మోటారు సైకిళ్లవాళ్లు పక్కకి తప్పుకుని పోయారు. అరటిగెలలమ్మే ఆవిడ గెల జరిపి దారిచ్చింది.

"ఎవరింటికంటావ్?"

"పంతులమ్మగారింటికే అయ్యుంటుంది. తొక్కకండర్రా!"

వసారాలో మళ్లీ ఆ కమిటీవాళ్లే టీ తాగుతున్నారు. పట్టీ మెట్లెక్కి, నబ్బోసా కాళ్ల దగ్గర మడతలు పడి, పక్కపక్కన కుట్టుకుని, ఒక మనిషి మోకరిల్లేంత చాపైంది.

"మీ చాప వచ్చిందండీ," అని కమిటీ పెద్ద కాళ్లు ముడుచుకున్నాడు.

పట్టీ వెంబడే నాలోంగో చెయ్యి పట్టుకుని నకాయిజా వచ్చింది. వస్తూనే మోకాళ్లు వంచబోయింది. ఆమె కంటే ముందు నబ్బోసా కుర్చీలోంచి జారి చాప మీద మోకరిల్లింది.

ముసలామె జాలిగా చూసింది. "లే పిల్లా. నువ్వూ ఇక్కడ పనికేనా?"

కమిటీవాళ్లంతా వింటున్నారు. నబ్బోసా తల ఎత్తలేకపోయింది.

"అవునమ్మా. పనిమనిషిని నేనే."

"అమ్మగారు తిండి బాగానే పెడుతుంది," అంది నకాయిజా చెవి దగ్గరికి వంగి. "నలుగురిలో మాత్రం మన మొహం చూడదు. ఏమీ అనుకోకు."

శనివారం బండివాడొచ్చి హారన్ కొట్టాడు. గచ్చు తుడుస్తున్న నబ్బోసా లేవలేదు. కుర్చీలో కూర్చున్న నకాయిజా వీధిలోకి కేకేసింది:

"అమ్మగారు ఇంట్లో లేరు నాయనా! వెళ్లిరా." కూతురి వైపు తిరిగి, "ఆ మూల మిగిలింది చూడు పిల్లా," అంది.