చవకైన ఊరు

“ఈ వంటింటికొచ్చే డబ్బుతో అక్కడ సగం ఇల్లు కొనెయ్యొచ్చు, తెలుసా?” అన్నాడు భర్త, గుమ్మానికి ఆనుకుని నిలబడి.

ఆమె మోచేతుల దాకా నురగతో గిన్నెలు తోముతోంది. ఒకరు నిలబడితే రెండోవారు పక్కకి తిరిగి వెళ్ళాల్సిన వంటిల్లు అది. అతను గుమ్మంలో ఉన్నాడు కాబట్టి తోమిన గిన్నెలు బోర్లించడానికి దారి లేదు. కాస్త తప్పుకోండి అనబోయి ఊరుకుంది. ఆ మాట అంటే చాలు, “చూశావా, నేను చెప్పేదీ అదే” అంటాడు.

ఈ గోల నెల క్రితం మొదలైంది. అతను బీమా కంపెనీలో గుమాస్తా. ఏదో పని మీద తన అన్నగారుండే ఊరు వెళ్ళొచ్చాడు. సముద్రానికి దూరంగా, రైల్లో ఒక పగలంతా ప్రయాణం చేస్తే వచ్చే ఊరు. నిధి కనిపించిన మనిషిలా తిరిగొచ్చాడు. అప్పటి నుంచీ అన్నం తినడం ఆలస్యం, ఫోను పట్టుకుని కూర్చుంటాడు. రేవు పట్నాల్లో నేల రేటు ఇంత, లోపలి ఊళ్ళలో ఇంత, గనుల వైపు ఇంత, కొండల వైపు ఇంత అని చదివి వినిపిస్తాడు. “దేశం ఒకటే, డబ్బు ఒకటే. నేల రేటు మాత్రం చూడు, ఇక్కడ ఆకాశంలో ఉంది, అక్కడ కాళ్ళ దగ్గరుంది. ఇది అమ్మి అక్కడ కొంటే ఇంకా బోలెడు మిగుల్తుంది. ఊరికే వచ్చే డబ్బు!” హాల్లో మడత మంచం మీద పడుకునే అత్తగారు లేచి కూర్చునేది. “కాళ్ళు చాపుకోవడానికైనా చోటుంటుంది నాయనా,” అనేది. పన్నెండేళ్ళ కూతురు భోజనాల బల్ల మీద పుస్తకాలు సర్దుకుంటూ, “నాకో గదుంటుందా నాన్నా? తలుపు కూడా ఉంటుందా?” అని అడిగేది. ఆ తలుపు మాట వినగానే ఆమెకి గుండె చివుక్కుమనేది. పిల్ల తలుపడుగుతుంటే తల్లి అడ్డం పడుతుందా?

అలాగని ఆమెకి వెళ్ళాలని లేదా అంటే, అదీ కాదు. తనకి ఇష్టం లేదని కచ్చితంగా తెలిస్తే ఎంత బావుండేది! పోట్లాడేది, ఏడ్చేది, ఏదో ఒకటి అయ్యేది. పొద్దున బస్సులో నిలబడి ఒకరి మోచెయ్యి డొక్కలో గుచ్చుకుంటుంటే, ఛీ, వెళ్ళిపోదాం అనుకునేది. బస్సు దిగి ల్యాబు మెట్లెక్కి, తన బల్ల ముందు కూర్చుని, మైనం వేడిచేసే చిన్న దీపం వెలిగించగానే ఆ మాటే గుర్తుండేది కాదు. కట్టుడు పళ్ళు చేసే ల్యాబు అది. గులాబీరంగు మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టడం ఆమె పని. అందులోనూ ముందుపళ్ళు ఆమే పెట్టాలి. పళ్ళన్నీ బడిపిల్లల్లా వరసగా నిలబెడితే నవ్వు అబద్ధంలా ఉంటుంది. ఒకదాన్ని వెంట్రుకవాసి వంచాలి, ఇంకోదాన్ని కాస్త వెనక్కి నెట్టాలి. అప్పుడది ఆ మనిషి నవ్వు అవుతుంది. ల్యాబులో అందరూ ఆమెని ముందుపళ్ళావిడ అంటారు. ఇంట్లో ఈ పేరు ఎవరికీ తెలీదు. చెప్తే నవ్వుతారని చెప్పలేదు.

“నీ జీతమెంత? బస్సులకీ పాప ట్యూషనుకీ సరి. అక్కడ బస్సెక్కే పని లేదు, ట్యూషను వదిన చెప్తానంటోంది. అంటే నువ్వు మానేసినా మనకొకటే కదా!” అన్నాడు భర్త. కోపంగా కాదు, ఎంతో ప్రేమగా, చిక్కు విప్పి చేతిలో పెడుతున్నట్టు. ఆమె మనసులో లెక్క వేసుకుని చూసింది. లెక్క తప్పయితే తప్పని చెప్పొచ్చు. కానీ సరిగ్గానే ఉంది. మరి ఎందుకు ఒప్పుకోవాలనిపించడం లేదు? ఎక్కడో ఏదో జారిపోయింది, అదేమిటో చిక్కడం లేదు.

అందరూ కలిసి ఇల్లు చూడ్డానికి వెళ్ళారు. నిజంగానే మంచి ఇల్లు. హాల్లో సైకిలు తొక్కొచ్చు. భర్త ఒక్కో తలుపూ తీసి చూపించాడు. “ఇది అమ్మకి. ఇది పాపకి. ఇది మనకి. ఇది వచ్చేపోయేవాళ్ళకి.” చివరికి వంటింటి తలుపు బార్లా తెరిచి, “ఇది మొత్తం నీదే!” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కిటికీ పెద్దది, గాలి ఈల వేస్తూ వస్తోంది. పెరటి మెట్టు మీద నిలబడితే, ఎన్నాళ్ళకో ఊపిరి కడుపు దాకా వెళ్ళింది. హాయిగా ఉంది. అదే క్షణంలో ఏడుపూ వచ్చింది. ఏది దేనికో తెలుసుకునేలోపే తోటికోడలు వచ్చి పక్కన నిలబడింది.

“నచ్చిందా?”

“బావుందక్కా.”

“ఊడ్చుకోవడానికే పొద్దు సరిపోతుందిలే,” అని నవ్వి, బావగారు విన్నారేమోనని వెనక్కి చూసింది తోటికోడలు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుంది. “వచ్చెయ్యవే. నాకూ తోడుంటావు. మాట్లాడ్డానికి మనిషి లేక నోరు పిడచ కట్టుకుపోతోంది.”

ఆ చేతిని విడిపించుకోవాలనీ ఉంది, గట్టిగా పట్టుకోవాలనీ ఉంది.

ఆ సాయంత్రం తలనొప్పి మాత్రలు తెచ్చుకుంటానని చెప్పి, పెద్దవీధిలో పళ్ళ డాక్టరు బోర్డు చూసి పైకెక్కింది. కుర్ర డాక్టరు, మర్యాదస్తుడు. కట్టుడు పళ్ళు ఎక్కడ చేయిస్తారని అడిగితే, “ఇక్కడెవరున్నారండీ? అచ్చు తీసి కొరియర్లో పట్నం పంపిస్తాం. అక్కడే చేసి పంపుతారు,” అని అల్మారాలోంచి ఒక పెట్టె తీసి చూపించాడు. మూత మీద ఆమె ల్యాబు ముద్ర. లోపల ఉన్న పళ్ళల్లో ముందువి రెండూ చూడగానే గుర్తుపట్టింది. అవి తను పెట్టినవే. ఎవరో ముసలావిడవి, అచ్చుతో పాటు పంపిన ఫోటోలో పెదవి ఓ పక్కకి లాగి నవ్విన ఆవిడ. “బాగా చేశారు కదండీ?” అన్నాడు డాక్టరు. ఆమె మూత పెట్టి పెట్టె తిరిగిచ్చింది. కిందికి దిగి బావగారింటికి వెళ్తే, మాత్రలేవీ అని భర్త అడిగాడు. కొట్టు మూసేశాడంది.

తిరిగొచ్చాక ఉద్యోగం మానేస్తున్నానని చెప్పడానికి ల్యాబు యజమానురాలి గదిలోకి వెళ్ళింది. ఆవిడ తలెత్తి, “ఊఁ, చెప్పు?” అంది. “మైనం చెక్కే కత్తి అరిగిపోయిందండీ, కొత్తది కావాలి,” అని కత్తి తీసుకుని బయటికొచ్చింది. తన మీద తనకే నవ్వొచ్చింది. మానేసే మనిషికి కొత్త కత్తెందుకు?

ఇల్లు కొనే మనిషి దొరికాడు. బయానా ఇప్పించడానికి ఒక ఆదివారం పొద్దున ఆయన్ని వెంటబెట్టుకుని బ్రోకరు వచ్చాడు. ఆమె వంటింట్లో టీ వడపోస్తోంది. అప్పు దొరకాలంటే ఇద్దరి జీతాలూ చూపించాల్సి రావడంతో, కొన్నప్పుడే ఇల్లు ఇద్దరి పేరునా పెట్టారు. “ఓసారి ఇలా రా. సంతకం పెట్టేసి వెళ్దువు గానీ,” అని కేకేశాడు భర్త. ఆమె కప్పులు అందరికీ అందించి, చేతులు తుడుచుకుని బల్ల దగ్గర కూర్చుంది. అతను పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు.

కొనే ఆయన ఇంకా గొణుగుతున్నాడు. “గోడకి గోడ తగిలే ఇంటికి ఇంత రేటేమిటండీ? మా ఊళ్ళో అయితే ఈ డబ్బుతో వీధి వీధంతా కొనొచ్చు. మా ఆవిడకి ఇక్కడే ఉద్యోగం వచ్చింది కాబట్టి తప్పడం లేదు గానీ.”

“గోడలకా సార్ మీరిచ్చేది?” అన్నాడు బ్రోకరు, ఎన్నోసార్లు చెప్పిన మాటే అయినా విసుగు లేకుండా. “తలుపు తీసుకుని బయటికెళ్తే పని దొరుకుతుంది చూడండి, రేటంతా దానిది. పని లేని చోట ఇల్లు ఎంత పెద్దదైతే ఏం లాభం?”

ఆమె పెన్ను కాగితం మీద ఆగింది. ఏదో తట్టినట్టయింది, మళ్ళీ చెదిరిపోయింది. రేటంతా పనిది. మరి మా ఆయన ఊరికే వచ్చే డబ్బంటున్నారే? ఈయన కుర్చీ ఇక్కడి నుంచి అక్కడికి బదిలీ అవుతుంది, ఆ ఊళ్ళోనూ కంపెనీ ఆఫీసుంది. మరి ఇక్కడ వదిలేసి వెళ్ళేది ఎవరి పని? ఆ మిగిలే డబ్బు దేని ఖరీదు? అడగాలనుకుంది. ఎలా అడగాలో తెలీలేదు. పెన్ను పక్కన పెట్టింది.

“ఏమైంది? రాయడం లేదా?”

“రాస్తోంది. నేనే ఇంకా తేల్చుకోలేదు.”

“ఇప్పుడు తేల్చుకోవడమేంటి?” భర్త గొంతు తగ్గించాడు. “ప్రతీదీ నిన్ను అడిగే చేశాం కదా!”

“అడగలేదండీ. చెప్పారు.”

అతను ఎర్రబడ్డాడు. కొనే ఆయన టీ కప్పులోకి చూస్తున్నాడు. “సరే, ఇప్పుడడుగుతున్నా. నీకేం కావాలి, చెప్పు.”

ఆమె నిజంగానే వెతుక్కుంది. పిల్లకి తలుపున్న గది కావాలి. ఆ పెరటి గాలి కావాలి. తోటికోడలి చెయ్యి కావాలి. బల్ల మీద ఆ చిన్న దీపం కావాలి. అన్నీ ఒక్కచోటే దొరికే ఊరు ఈ దేశంలో ఏ రేటుకీ ఉన్నట్టు లేదు. గుమ్మంలో నిలబడ్డ కూతురు తల్లి మొహంలోకే చూస్తోంది.

“తెలీదు,” అంది. “తెలిసేదాకా ఈ ఇల్లు అమ్మను.”

బ్రోకరు నెమ్మదిగా సంచి సర్దుకున్నాడు. వచ్చినవాళ్ళు మెట్లు దిగిన చప్పుడు పూర్తిగా ఆగింది. ముందుగా అత్తగారే నోరు విప్పింది.

“నీకు తెలీనప్పుడు, తెలిసినవాళ్ళు చెప్పినట్టు వినాలమ్మా.”

ఆమె ఖాళీ కప్పుల్ని ఎత్తలేదు. కుర్చీలోంచి లేవనూ లేదు.

“ఇన్నాళ్ళూ అలాగే విన్నాను అత్తయ్యా,” అంది. “అందుకే నాకేం కావాలో నాకే తెలీకుండా పోయింది.”