తాబేలు కారుకు దీవెన

నికనోర్‌కు కారంటే గిట్టదు. లాపాజ్‌లో ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా అదే పాట: టైర్ల గొడవ లేదు, మెకానిక్ బెడద లేదు, నడక ఒంటికి మంచిది. వింటున్న భార్య దెల్మిరాకు ఒళ్లు మండిపోయేది. నడిచేది ఆయనా? బంగాళాదుంపల మూటతో సంత నుంచి ఆ కొండమెట్లన్నీ ఎక్కేది ఆవిడ. మొగుడుగారు మాత్రం రోజూ వీధి మలుపులో నిలబడి, ఆఫీసు స్నేహితుడు ఇలారియోన్ కారులో ముందు సీట్లో దర్జాగా పోయేవాడు.

దెల్మిరా తండ్రి పోతూ పోతూ తన పాత నీలం కారు కూతురికిచ్చాడు. గుండ్రటి వీపుండే ఆ రకం కారును అక్కడ తాబేలంటారు. ఇచ్చినవాడు కాగితాలు మాత్రం అల్లుడి పేర రాయించాడు, మగాడు కదా అని. మోకాళ్లు అరిగిపోయాయి, ఇక ఆ మెట్లు నా వల్ల కాదంటూ దెల్మిరా డ్రైవింగు నేర్చుకోవడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే ఇలారియోన్ కారు మూలపడింది. నికనోర్ గుండెల్లో రాయి పడింది. ఆలోచించాడు. తాబేలు ఇంట్లో ఉంటే పెట్రోలు తనది, రిపేర్లు తనవి. ఇలారియోన్ దగ్గరుంటే సీటు తనది, తిప్పలు వాడివి. దెల్మిరా సంతకు వెళ్లిన పూట కారు వాడికి అమ్మేశాడు.

మూట దించి చూస్తే వాకిట్లో కారు లేదు. ఆవిడ కూలబడి ఏడ్చింది.

"ఏడవకు. నడిస్తే మోకాళ్లు గట్టిపడతాయి," అన్నాడు ఆ మహానుభావుడు.

అంతటితో ఆగాడా? చేతులు మారిన కారును సరస్సు ఒడ్డునున్న కోపకబానా చర్చికి తీసుకెళ్లి దీవెన పోయించనిదే ఇలారియోన్ ఆఫీసుకు తియ్యడు. దీవెనకు కారు పక్కన పెద్దలుగా నిలబడే దంపతులు కావాలి. వాడు వీళ్లనే అడిగాడు, నికనోర్ పొంగిపోయి ఒప్పేసుకున్నాడు. తన తండ్రి కారుకు తనే పూలదండ కట్టింది దెల్మిరా. ఫాదర్ నీళ్లు చల్లి వెళ్లాడు. ఇక చక్రాలకు బీరు పోస్తూ దీవెన పలకాల్సింది ఆడమనిషి. ఆ మాట మీరితే కారు లోయలో పడుతుందని ఇలారియోన్‌కు చిన్నప్పటినుంచీ నమ్మకం.

దెల్మిరా నాలుగు చక్రాలకూ నిదానంగా పోసింది.

"నాన్నా, నీ కారెక్కినవాళ్లందరినీ చల్లగా చూడు. దీన్ని అమ్ముకున్నవాణ్ణి మాత్రం ఎక్కించుకోకు."

ఇలారియోన్ మొహం పాలిపోయింది. ఆడవాళ్ల కోపం, పట్టించుకోకురా అని నవ్వేస్తూ నికనోర్ తలుపు మీద చెయ్యి వేశాడు. ఇలారియోన్ ఆ చెయ్యి తీసేశాడు.

"ఏమనుకోకు అన్నా, పిల్లలున్నవాణ్ణి. ఇవాళా రేపూ అని కాదు, ఇంకెప్పుడూ ఎక్కించుకోలేను. బస్సులో వచ్చెయ్."

దీవెన పోసినావిడ వాడికి ఇక ఇంటిమనిషి, అక్కడి మాటలో కొమాద్రె. "నువ్వెక్కు కొమాద్రె, సంతకు వెళ్లాలన్నా కబురు పెట్టు," అన్నాడు. దెల్మిరా ముందు సీట్లో కూర్చుంది. తండ్రి దువ్వెన ఇంకా అద్దం దగ్గరే ఉంది. అది తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. కారు ఇక తనది కాదని ఆవిడకు తెలుసు.

బస్సు ఆగేది కొండ మీద. నికనోర్ బిక్కమొహం వేసుకుని కిటికీ దగ్గరకొచ్చాడు, ఒక్క మాట వెనక్కి తీసుకోమన్నాడు. దెల్మిరా వచ్చేదారిలో కొని వెనక సీట్లో వేసిన బంగాళాదుంపల మూట లాగి కిటికీలోంచి అతని చేతుల్లో పడేసింది.

"ముసలి కారు, బరువు మోయలేదు. ఇది నువ్వు పట్టుకురా."

కారు సరస్సు వైపు తిరిగేదాకా నికనోర్ చూశాడు. తర్వాత మూట భుజానికెత్తుకుని మెట్లెక్కసాగాడు.