వస్తోందా, వెళ్తోందా

చిత్రకారిణి పద్ధతి ఆమెకే చెల్లింది. ముందు కళ్ళూ ముక్కూ చెవులతో సహా కథంతా పూసగుచ్చినట్టు గీసేస్తుంది. ఆ తర్వాత గుడ్డముక్క టర్పెంటైనులో ముంచి, గీసినదాన్నే తుడవడం మొదలుపెడుతుంది. ఎక్కడ ఆపాలో మాత్రం ఆమెకు తెలియదు. దానికి కింది వాటాలో కుట్టు దుకాణం నడిపే అక్క కావాలి.

అక్క మెట్లెక్కి వచ్చి, "ఇది మన అత్తయ్యే కదూ!" అందంటే ఇంకా తుడవాలి. "ఇదేమిటే, గోడకి చెమ్మ దిగిందా?" అందంటే తుడుపు శ్రుతి మించింది. గడ్డం పట్టుకుని, "ఆగాగు... ఈవిడెవరో నాకు తెలుసే" అని గొణిగిందా, బొమ్మ పూర్తయినట్టే. అమ్మా నాన్నా పోయాక ఇద్దరూ ఒకే కప్పు కింద ఇలా వాదించుకుంటూ హాయిగా బతికేస్తున్నారు.

ఈసారే చిక్కొచ్చింది. చెల్లెలికి దూరపు ఊళ్ళో బొమ్మలు నేర్పే ఉద్యోగం దొరికింది. సరేనని చెప్పేసింది కూడా. అక్కకు చెప్పడానికే నోరు పెగల్లేదు. నోటికి రాని మాట కుంచెకు వచ్చింది: కుర్చీలో ఒక స్త్రీ, గుమ్మంలో చేతిసంచితో మరొకతె. తీరా గీశాక భయం వేసింది. గుమ్మంలోని మనిషి ముఖం తుడిచింది, పాదాలు తుడిచింది, ఆవిడ వస్తోందో వెళ్తోందో బ్రహ్మకు కూడా అంతుపట్టనంతగా తుడిచి, అప్పుడు అక్కను కేకేసింది.

అక్క మెడలో టేపుతోనే వచ్చింది. గడ్డం పట్టుకోలేదు, గొణగలేదు. చాలాసేపు చూసి, "ఎప్పుడు?" అంది.

"ఏమిటి ఎప్పుడు? ఆవిడ వస్తోందని కూడా అనుకోవచ్చుగా?"

"బొమ్మలో ఎన్ని మెలికలైనా పెట్టుకో. నా దగ్గరెందుకే ఈ డొంకతిరుగుడు? ఎప్పుడు వెళ్తున్నావు?"

"వచ్చే నెల. బొమ్మలు నేర్పే ఉద్యోగమొచ్చింది," అని చెల్లెలు చిన్నపిల్లలా ఏడ్చేసింది. అక్కకూ ఏడుపొచ్చింది గానీ, ముందు తిట్టాలి గనుక తిట్టింది.

"ఉద్యోగమొస్తే ఊరంతా చాటుకోవాల్సింది పోయి, దొంగలా గుడ్డతో తుడుస్తావా!"

చెల్లెలు ముక్కు చీదుకుని కుంచె అందుకుంది.

"ఉండక్కా, వస్తున్నట్టే తేటగా గీసేస్తాను. ఒక్క నిమిషం."

"చెయ్యి తీయ్!" అక్క గబుక్కున అడ్డం వచ్చింది. "ఇలాగే ఉండనీ. కింద మిషను ఎదురుగా తగిలించుకుంటాను. నీమీద కోపమొచ్చిన రోజు, పోతే పోయిందిలే అనుకుంటాను. మిగతా రోజుల్లో, ఇదిగో వచ్చేసింది అనుకుంటాను."