మార్కండేయ గల్లీ అభిప్రాయం

మున్సిపాలిటీ వాళ్లు ఆటోకు మైకు కట్టి మార్కండేయ గల్లీల మూడు దినాలు తిప్పిండ్రు. పట్టణ పునరుద్ధరణ ప్లాను మీద ప్రజాభిప్రాయ సేకరణ ఉన్నది, మంగళవారం పొద్దున పదకొండు గంటలకు అందరూ సంఘం హాలుకు రావాలె అని ఆ మైకు మొత్తుకున్నది. ఎవరికీ వినపడలేదు. ఆ గల్లీల ఇంటింటికీ కరెంటు మగ్గాలున్నయి. వాటిని అక్కడ సాంచాలంటరు. పొద్దున ఆరింటికి అవి మొదలైతే పొద్దుగూకేదాకా పక్క మనిషి మాట కూడ పెదవులు చూసి తెలుసుకోవాల్సిందే. మైకు వచ్చింది, మైకు పోయింది.

కైలాసానికి మాత్రం తెలిసింది. గోడకు అతికిన కాయితం ఏది కనపడ్డా నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదువుడు ఆయనకు అలవాటు. సుల్తానాబాద్ పక్క ఊరి బడిల ఏడో తరగతి దాకా చదివిండు. ఆ చదువుకు ఇంకో పని పడలేదు. సంఘం హాలు గోడ మీది కాయితం మూడుసార్లు చదివిండు. గల్లీల ఉన్న సాంచాలన్నీ తీసుకపోయి బైపాసు అవతల కట్టే షెడ్లల్ల పెడతరట. గల్లీకి సిమెంటు రోడ్డు, మూత వేసిన మోరీలు, దీపాలు, కూసునేటందుకు బెంచీలు వస్తయట. మోత లేని గల్లీ అయితదట. అభ్యంతరాలుంటే సభల చెప్పాలె. చెప్పకుంటే ఒప్పుకున్నట్టే.

ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలె. గల్లీ వాళ్లతోని ఆయన మాట్లాడక రెండేండ్లాయె.

మంగళవారం హాల్ల నూట యాభై కుర్చీలు వేసిండ్రు. కైలాసం పోయి మొదటి వరుసల నడుమ కుర్చీ చూసుకొని కూసున్నడు. ఎదురుంగ గోడకు పెద్ద పటం కట్టి ఉన్నది. అందుల మార్కండేయ గల్లీ పచ్చరంగు పట్టీ తీరు కనపడుతున్నది, బొమ్మల చెట్లు కూడ ఉన్నయి. పదకొండున్నర అయింది. పన్నెండు కావస్తున్నది. ఇంకో మనిషి రాలేదు. టీ డబ్బా తెచ్చినాయన కైలాసానికి రెండుసార్లు పోసిండు.

"మిగిలినోళ్లు ఏరి తాతా?" అని మున్సిపాలిటీ గుమాస్తా సుధాకర్ అడిగిండు.

"నా జేబులున్నరా? ఎతుక్కో."

"అట్ల గాదు. మూడు దినాలు మైకు తిప్పినం గదా."

"సాంచాలు నడుస్తుంటె తిప్పినవ్. నీ ఆటో డ్రైవర్‌కన్న ఇనవడ్డదా అడుగు."

ప్లాను తెచ్చిన మేడం పేరు మమతారాణి. చిన్న వయసుదే, మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ జరుపుకొని ఆయనకు ఎదురుంగ కూసున్నది. "సరే, మీరు వచ్చారు కదా. మీ అభిప్రాయం చెప్పండి."

"సాంచాలు పోవాలె. ఒక్కటి ఉండొద్దు."

మేడం రాసుకునే పెన్ను ఆపింది. తిట్లు వినేటందుకు తయారై వచ్చినట్టున్నది. "మీరు నేత పనిలో లేరా?"

"నలభై ఏండ్లు నేసిన."

"మరి ఎందుకు పోవాలంటున్నారు?"

"మోత" అన్నడు. 

మిగిలింది చెప్పుకునే ముచ్చట కాదు. ఆ గల్లీకి ఒక కట్టుబాటున్నది. ఎవరింట్ల సావైనా పీనుగ లేచేదాకా సాంచాలన్నీ బందు పెట్టాలె. కాయితం మీద రాసిందేం లేదు, తాతల కాడికెల్లి వస్తున్నది. రెండేండ్ల కింద కైలాసం భార్య శంకరవ్వ పోయిన్నాడు సాంచాలు ఆగలేదు. ఏదో పెద్ద ఆర్డరు, మర్నాడే గడువు. ఆడోళ్లూ మొగోళ్లూ వంతులేసుకొని వచ్చిండ్రు. తలల నిండ దూదిపోగులతోని వచ్చి, అయిదు నిమిషాలు నిలబడి, మళ్ల పోయి మగ్గం కాడ నిలబడ్డరు. శంకరవ్వ చెల్లెలు సుల్తానాబాద్ నుంచి వచ్చి మీద పడి ఏడిస్తే ఆమె నోరు తెరిచి ఉన్నది కనపడ్డది గని ఏడుపు వినపడలేదు. కైలాసం కూడ ఏడ్చిండు. తన ఏడుపు తనకే వినపడలేదు. అస్థికలు చెన్నూరు కాడ గోదాట్ల కలిపి వచ్చిన దినం నుంచి ఆయన సాంచె ముట్టలేదు. గల్లీల ఎవరు పలకరించినా మొకం తిప్పుకున్నడు. పిల్లలు లేరు. మాట్లాడేటోళ్లు ఎవరూ మిగలలేదు.

సుధాకర్ కాయితం తయారు చేసి సంతకానికి తెచ్చిండు. కైలాసం అలవాటు ప్రకారం మొదటి నుంచి చదివిండు. హాజరైన వారు నలభై ఇద్దరు. సాంచాల తరలింపునకు అందరూ సుముఖత తెలిపినారు.

"నలభై ఇద్దరెవరు?"

"పొద్దుమీకి ఇండ్లకు పోయి సంతకాలు తీసుకుంట తాతా. నీకు గావల్సిందే గదా రాసిన."

అది నిజమే. గల్లీల సంగతి కైలాసానికి తెలుసు. సాంచె నడుస్తుండంగ కాయితం ముందట పెడితే ఒక చెయ్యి మగ్గం మీదనే ఉంచి రెండో చేతితోని సంతకం పెట్టి ఇస్తరు. అడిగే తీరిక ఎవనికీ లేదు. తెల్లారేసరికి పని అయిపోతది. కైలాసం పెన్ను తీసుకున్నడు. తన పేరు రాసే జాగ చూసిండు. దాని కింద ఖాళీ గీతలున్నయి. రెండో గీత మీద పర్శరాములు సంతకం పడతది. పన్నెండు సాంచాల ఆసామి. శంకరవ్వ పోయిన దినం చేతులు జోడించి, ఆర్డరున్నదన్నా, తప్పు తీస్కోకు అన్నది ఆయనే.

పెన్ను కింద పెట్టిండు. "నేను చెప్పిన మాట కింద వాళ్ల పేర్లెందుకు? వచ్చింది ఒక్కడు. ఒకటి అని రాయి."

"ఒక్కరొస్తే సభ చెల్లదు తాతా. మళ్ల పెట్టాల్సొస్తది."

"పెట్టు. మీకు పనేమున్నది?"

మేడం ఆ కాయితం తీసుకొని చదివింది. సుధాకర్ దిక్కు చూసింది. నలభై ఇద్దరన్న మాట మీద అడ్డంగ గీత కొట్టింది. "ఎప్పుడు పెడితే అందరూ వస్తారు?"

"అమాస నాడు. అమాస నాడు సాంచాలకు సెలవు." సుధాకర్ దిక్కు తిరిగి, "ఇదే ఊర్ల నౌకరి చేస్తున్నవ్. గింత తెల్వదా నీకు?" అన్నడు.

ఆయన వాళ్ల మేలు కోరి చెప్పలేదు. గల్లీ మొత్తం కూసోని ఉండంగ, మోత లేకుండంగ, వాళ్ల మొకాల మీద చెప్పాలని చెప్పిండు.

పన్నెండు దినాలకు అమాస వచ్చింది. హాలు నిండింది. కుర్చీలు సాలక ఆడోళ్లు కింద కూసున్నరు. కైలాసం మొదటి వరుసలనే కూసున్నడు. ఆయనకు కుడి దిక్కు ఒక కుర్చీ, ఎడమ దిక్కు ఒక కుర్చీ ఖాళీగ ఉన్నయి. ఎనకాల జనం నిలబడి ఉన్నరు గని ఆ రెండింట్ల ఎవరూ కూసోలేదు.

మేడం పటం చూపిచ్చుకుంట అంతా చెప్పింది. పర్శరాములు లేచిండు.

"మేడం, రోడ్డు మంచిదే. మోరీలు మంచియే. షెడ్లే వద్దు. మేము పగటిపూట ఇంట్ల జర నడుం వాల్చినా చెవులు సాంచె మీదనే ఉంటయి. పోగు తెగితే సప్పుడు మారుతది, లేస్తం. అయిదు కిలోమీటర్ల అవతల ఉంటే ఎవడు లేస్తడు?"

బట్టల కొట్టు దగ్గర ఇల్లున్న యాదవ్వ కింది నుంచే అందుకున్నది. "నేను పొయ్యి మీద కూర వెట్టి సాంచెకు నూలు కండెలు సుట్టుత బిడ్డా. మాడు వాసనొస్తే ఉరుకుత. షెడ్డుకు పొయ్యి గూడ మోసుకపొమ్మంటవా?"

"నీ కూర ఎట్లయినా మాడుతది గదనే" అని ఎవరో అన్నరు. హాలంత నవ్విండ్రు. మేడం కూడ నవ్వింది.

అప్పుడు కైలాసం లేచి నిలబడ్డడు. నవ్వు ఆగిపోయింది.

"మొన్న నేనొక్కన్నే వచ్చిన. ఏం చెప్పిన్నో మీ అందరి ముందట మళ్ల చెప్పుత. సాంచాలు పోవాలె. సావుకు ఆగని సాంచాలు గల్లీల ఉండెటందుకు లేదు. శంకరవ్వ పీనుగ లేచేదాకా మీరు నేసిండ్రు. ఆమె మీ అందరి పిల్లల్ని ఎత్తుకున్నది. ఒక్క పూట ఆపలేకపోయిండ్రు."

"అన్నా, గా దినం గడువు..." అని పర్శరాములు నెమ్మదిగ అన్నడు.

"మీకు గడువున్నది. ఆమెకు లేకుండె."

 కైలాసం కూసోబోయిండు. రెండేండ్ల మాట బయటపడ్డది. అనుకున్నంత తేలిక కాలేదు గని బయటపడ్డది.

"బావా" అన్నది యాదవ్వ. శంకరవ్వా ఆమే ఏండ్ల తరబడి ఒక్క అరుగు మీద కూసోని బీడీలు చుట్టిండ్రు. "ఒక మాట అడుగుత. తప్పు తీస్కోకు."

"అడుగు."

"మా ఇంటాయన రాజం పోయిన్నాడు గల్లీ అంత బందున్నది. ఒక్కటంటే ఒక్క సాంచె ఇనవడ్డది. పీనుగ పక్కకు కూసోని ఇన్న. గది ఎవలది?"

హాల్ల ఉన్నోళ్లంత నేత పని వాళ్లు. ఏ సాంచె నడక ఎట్లుంటదో చెవులకు తెలిసినోళ్లు. పర్శరాములు తల దించుకున్నడు.

 తొమ్మిదేండ్ల కింది ముచ్చట. ఇన్ని దినాలు కైలాసానికి ఒక్కసారి గూడ యాదికి రాలేదు. ఇప్పుడు మొత్తం వచ్చింది. పర్శరాములు ఇంటి షెడ్డుల తలుపు దగ్గరి సాంచె, రెండు దెబ్బలు కొట్టి ఒకసారి ఆగి మళ్ల కొట్టేది. పందొమ్మిదేండ్లు దాని మీద కైలాసమే కూలికి నేసిండు. ఆ దినం అందరూ బందు పెట్టి పోయిండ్రు. తన బీముకు చుట్టిన నూలు ఇంక నాలుగు మీటర్లే ఉన్నది. నాలుగు మీటర్లకు ఎందుకు ఆపాలె, అయిపోగొట్టి పోత అనుకున్నడు. షట్టరు దించుకొని నేసిండు. తర్వాత కాళ్లు కడుక్కొని, పీనుగ లేచే యాళ్లకు పోయి భుజం పట్టిండు. ఎవరికీ తెల్వదనుకున్నడు. గల్లీ అంత సప్పుడు లేకుంటే తన ఒక్క సాంచె అందరికీ వినపడుతదన్న సంగతి మగ్గం ముందట నిలబడ్డోనికి తెల్వలేదు.

"నాదే" అన్నడు.

"నేను గప్పుడేమన్న అన్ననా?"

"అనలే."

యాదవ్వ కొంగు సదురుకున్నది.

మేడంకు ఏం అర్థమైందో ఏమో, అడిగింది. "మీ అభిప్రాయం మార్చుకుంటారా?"

"మార్చుకోను. వాళ్లు చేసింది తప్పే." కైలాసం కుర్చీ ఎనక భాగం పట్టుకున్నడు. "నేను చేసింది గూడ తప్పే. అది గూడ రాసుకోన్రి."

సుధాకర్ రాయలేదు. అటువంటిది రాసే గడి ఆ కాయితంల లేదు.

వరుసపెట్టి అందరూ సంతకాలు చేసిండ్రు. తరలింపు వద్దన్నోళ్లు నూట ఎనభై ఏడు మంది. పోవాలన్నది ఒక్కరు. షెడ్ల మాట తీసేసి రోడ్డూ మోరీల వరకే పైకి పంపుతనని మేడం చెప్పింది. జనం లేచి, మాట్లాడుకుంట, టీ గిలాసలు పట్టుకొని బయటికి నడిచిండ్రు. ఆయన పక్క నుంచే పోయిండ్రు. ఎవరూ తిట్టలేదు. ఎవరూ రమ్మనలేదు.

యాదవ్వ మోకాళ్లు పట్టుకొని లేచేసరికి హాలు ఖాళీ అయింది. చెప్పులు తొడుక్కునే కాడ కైలాసం ఆమె పక్కకు వచ్చి నిలబడ్డడు.

"ఇన్నేండ్లు ఎందుకు అడగలే నన్ను?"

"అడిగితే ఏమస్తది బావా. అక్క ఉండె గదా. బీడీల చాట మూల వెట్టి అయిదు దినాలు మా ఇంట్లనే ఉన్నది. నీకు వండి వెట్టి పోయేది, మళ్లొచ్చేది. మావోని తప్పుకు నేను కూసుంటున్న అన్నది."

"తప్పు అన్నదా?"

"అన్నది. సాంచె ఇన్నంక ఆమెకు తెల్వదా ఎవలదో. నీకు చెప్పలేదా?"

"చెప్పలే."

"మరి గట్లనే ఉంటది నీతోని. చెప్పితే ఇనెటోనివా?" అన్నది యాదవ్వ. ఎకసెక్కం లేదు ఆ మాటల. బయట నుంచి కోడలు పిలుస్తుంటే పోయింది.

కైలాసం ఇంటికి వచ్చిండు. పొద్దున వండిన అన్నం ఉన్నది, తినలేదు. చాప వేసుకొని గోడకు ఒరిగి కూసున్నడు. అమాస కాబట్టి గల్లీల ఒక్క మోటారు నడుస్తలేదు. ఒక ఇంట్ల ఎవరో గిన్నెలు తోముతున్నరు. పక్కింట్ల ఒక ఆడపిల్ల ఎక్కాలు అప్పజెప్తున్నది, ఏడు ఎనిమిదుల కాడ తప్పు పోతే తల్లి మళ్ల చెప్పిస్తున్నది. పర్శరాములు ఇంట్ల పదిమంది జమైండ్రు, షెడ్లు తప్పినయని నవ్వుకుంటున్నరు. మామూలు దినాలల్ల గోడలకు అటూ ఇటూ ఒక్కటే మోత. ఏ ఇంట్ల మనుషులున్నరో ఏ ఇంట్ల లేరో తెల్వది. ఇయ్యాల అన్ని ఇండ్లల్ల మాటలున్నయి. ఈ ఇంట్ల లేవు.

"నాకెందుకు చెప్పలే?" అని అడిగిండు.

లోపల అనుకున్నదే బయటికి వచ్చింది. సాంచాల మోతకు అలవాటైన గొంతు, పెద్దగనే వచ్చింది. పక్కింట్ల ఎక్కాలు ఆగినయి. వాళ్లు చెవులు పెట్టి ఇంటున్నరని ఆయనకు తెలిసింది. ఇంకో మాట కోసం ఆగినట్టున్నరు. ఆయన అనలేదు. కొద్దిసేపు చూసి తల్లి బిడ్డను మొదటి నుంచి చెప్పమన్నది.

కైలాసం లేచి కిటికీ మూసి, మళ్ల వచ్చి అదే గోడకు ఒరిగిండు.