ఒళ్ళో ఏడు కిలోలు

మా అత్తగారికి సముద్రం చూపించడానికి తీసుకెళ్తున్నానని తెలిసినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. అల్లుడంటే ఇలా ఉండాలని నలుగురూ మెచ్చుకున్నారు. అసలు సంగతి నాకూ మా ఆవిడకీ మాత్రమే తెలుసు. విమానంలో మనిషి చేతిలో ఏడు కిలోలకు మించి ఎక్కనివ్వరు. నా సామాను పదమూడు కిలోలు. మా ఆవిడకేమో సెలవు దొరకలేదు.

నేను నీళ్ళ అడుగున ఫొటోలు తీస్తాను. కెమెరాను నీళ్ళలోకి దించాలంటే దానికో అల్యూమినియం పెట్టె కావాలి. ముందు లెన్సు చూడ్డానికి గుండ్రటి గాజు బుర్ర, వెనక మూత, మూత చుట్టూ రబ్బరు రింగు. దాన్ని లగేజీలో వేస్తే విసిరేవాళ్ళ చేతుల్లో ఏమవుతుందో ఒకసారి చూశాను, రెండోసారి చూసే ఓపిక లేదు. పైగా మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి పడవ. సముద్రంలో పగడాలు పెంచే సంస్థవాళ్ళు ఒక్కరోజు నా పనితనం చూస్తామన్నారు. నచ్చితే ఏడాది పాటు పని. దానికోసం రెండేళ్ళుగా వాళ్ళ చుట్టూ తిరుగుతున్నాను.

అందుకని కెమెరా నా మెళ్ళో, లెన్సులూ బ్యాటరీలూ కోటు జేబుల్లో, ఫ్లాష్‌లు నా సంచిలో, పెట్టె అత్తగారి సంచిలో సర్దాను. ఆ కోటు వేసుకుంటే నిండు గర్భిణిలా ఉన్నావని మా ఆవిడ పగలబడి నవ్వింది.

తనిఖీ దగ్గర ఉద్యోగి పెట్టెను పైకెత్తి, గాజు బుర్రలోకి తొంగిచూసి, "ఏంటిది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు.

"బిందె బాబూ. మా అల్లుడుగారు చేపలకి ఫొటోలు తీస్తారు. మనుషులకి తియ్యమంటే విసుగు."

అతను నవ్వుకుంటూ వదిలేశాడు. నాకు ఒళ్ళు మండింది. కన్నబిడ్డలా చూసుకునే పెట్టెను పట్టుకుని బిందె అంటారా!

విమానం పైకి లేచాక, అరలో పెడితే ఎక్కడ దొర్లుతుందోనని పెట్టెను తీసి అత్తగారి ఒళ్ళో పెట్టాను. "జాగ్రత్త. దీన్ని కెలక్కండి," అన్నాను. ఎందుకో చెప్పలేదు. నా సామాను గురించి ఎవరికీ విడమరిచి చెప్పను. చెప్పినా వాళ్ళకేం అర్థమవుతుందిలే అని నా ధీమా. మూడు గంటల ప్రయాణంలో రెండు గంటలు హాయిగా నిద్రపోయాను.

సాయంత్రం హోటల్ గదిలో కోటు విప్పి, హమ్మయ్య అనుకుంటుండగా అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా ముందుకొచ్చారు.

"బాబూ, ఆ బిందె కాస్త తెరిచిపెట్టండి. నాకు రావడం లేదు. నా పళ్ళు అందులో ఉన్నాయి."

నిద్రపోయే ముందు కట్టుడు పళ్ళు తీసి, రుమాల్లో చుట్టి, ఎక్కడ పెట్టాలా అని చూశారట. ఒళ్ళో శుభ్రమైన పెట్టె కనబడింది. పెట్టి, మూతకున్న రెండు గొళ్ళేలూ బిగించేశారు.

ఎగిరేటప్పుడు ఆ మూత బిగించకూడదు. పైన విమానంలో గాలి పలచన. అక్కడ బిగిస్తే ఆ పలచని గాలే లోపల ఉండిపోతుంది. నేలమీదికొచ్చాక బయటి గాలి ఓ లావుపాటి మనిషిలా మూత మీదెక్కి కూర్చుంటుంది. ఇక లేవదు.

గొళ్ళేలు విప్పి, పెట్టెను మోకాళ్ళ మధ్య ఇరికించి లాగాను. మంచం కోడుకి తన్నిపెట్టి లాగాను. చప్పుడు విని వచ్చిన హోటలాయన స్క్రూడ్రైవర్ తెస్తానన్నాడు. వద్దని అడ్డుపడ్డాను. రింగు కూర్చునే అంచుమీద గీత పడితే పెట్టె ఇక నీళ్ళకి పనికిరాదు. ఆయన్ని పంపేసి, ఆ కోపమంతా అత్తగారి మీద చూపించాను.

"కెలక్కండని చెప్పానా లేదా? రెండేళ్ళ కష్టం! రేపు పడవవాళ్ళకి ఏం చూపించను, మీ పళ్ళా?"

ఆవిడ వెళ్ళి మంచం చివర కూర్చున్నారు. పళ్ళు లేని ఆ ముఖం ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు అనిపించింది. అన్న మాట వెనక్కి తీసుకోలేక ఇంకో పదిసార్లు మూతనే లాగాను. అరచేతులు బొబ్బలెక్కాయి.

"లాగకండి," అన్నారు చివరికి. "ఇలాంటి తలుపుని లాగకూడదు. దీనికి గాలి ఇవ్వాలి."

"మీకెలా తెలుసు?"

"ఇరవై ఎనిమిదేళ్ళు ఆసుపత్రిలో ఆపరేషన్ పనిముట్లు శుద్ధిచేసే యంత్రం నడిపాను కదా. దాని తలుపు ఇంతుంటుంది. లోపలా బయటా గాలి సమానం కాకపోతే ఏనుగు లాగినా రాదు. మూత తెరిచి వదిలేస్తే దుమ్ము పడుతుందని మాకు ప్రాణం కొట్టుకుంటుంది, అందుకే దీన్నీ బిగించాను. ఎందుకు బిగించకూడదో మీరు ఒక్క ముక్క చెప్పుంటే సరిపోయేది."

పెళ్ళయి ఆరేళ్ళయింది. ఆవిడ ఏదో ఆసుపత్రిలో చేసేవారని మాత్రమే తెలుసు. ఏం చేసేవారని ఎప్పుడూ అడగలేదు. సిగ్గేసింది.

"పక్కన చిన్న బిరడా ఒకటుంది," అన్నారు. "మూడు గంటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, నాకు కనబడదా?"

నిజమే, ఉంది. ఫ్లాష్ తీగ కోసం వదిలిన కన్నానికి మర బిరడా. నా ఫ్లాష్‌లకి ఆ తీగ అక్కర్లేదు కాబట్టి కొన్న రోజునుంచీ దాని జోలికి పోలేదు. నాణెం పెట్టి తిప్పాను. సుయ్‌మంటూ పెట్టె గాలి పీల్చుకుంది. మూత దానంతటదే వదులైంది. లోపల రుమాలు మూట, రింగు అంచుమీద ఒక్క గీత కూడా లేదు.

అత్తగారు స్నానాలగదిలోకి వెళ్ళి, పళ్ళు కడిగి పెట్టుకుని వచ్చారు. ముఖం మళ్ళీ తన ముఖమైంది.

"ఏడు కిలోల కోసం తీసుకొచ్చారని నాకు తెలుసు బాబూ," అన్నారు మామూలుగా. "టికెట్ తీసిన రోజే అమ్మాయి చెప్పేసింది."

నేల చీలితే బాగుండుననిపించింది. "మరి ఎందుకొచ్చారు అత్తయ్యగారూ?"

"సముద్రం చూడలేదు కదా నేను."

కాసేపు బిరడాను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. దాన్ని బిగించి, గట్టిగా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

"రేపు ఎనిమిదింటికి పడవ. మీరూ రండి."

ఆవిడ అనుమానంగా చూశారు. "పడవలో కూడా మనిషికి ఇన్ని కిలోలని లెక్కుందా?"

"లేదండీ. ఊరికే రండి."

"అయితే ఆ బిందె మీరే మోసుకోండి," అన్నారు, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ.