రోడ్డు ఉందన్న కాగితం

కోక్-జర్ విమానాశ్రయమంటే ఒక మట్టి రన్‌వే, దాని పక్కన ఒక గది. ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా వాతావరణం రాస్తున్నది సైరకుల్. కిటికీలోంచి ఉత్తరాన కొండల మధ్య ఆక్-బెల్ కనుమ కనిపిస్తే విమానం లేస్తుంది, లేకపోతే లేదు. ఎంత దూరం కనిపిస్తోందో కొలిచే యంత్రం ఎప్పుడో పాడైంది. పైలట్లు ఆమె కంటినే నమ్ముతారు.

జనవరిలో రాజధాని బిష్కెక్ నుంచి ఉలుక్‌మాన్ అనే అధికారి వచ్చాడు. విమానాశ్రయం మూసేయాలన్న నివేదిక అతని సంచిలో ఉంది. కారణం ఒక్క వాక్యం: పట్నానికి ఎనభై కిలోమీటర్ల రోడ్డు సౌకర్యం కలదు. కాన్పు కష్టమైతే కోక్-జర్ ఆడవాళ్ళు ఆస్పత్రికి వెళ్ళేది ఈ విమానంలోనే. అతను తిరిగి వెళ్ళాల్సిన రోజు కనుమను మబ్బు కప్పేసింది.

"కనుమ కనిపిస్తోందని రాసెయ్యండక్కా. రేపు నాకు మీటింగుంది."

"కనిపించట్లేదు తమ్ముడూ."

"ఎలాగూ మూతపడే చోటు. ఎందుకింత పంతం?"

"మూతపడేదాకా ఇక్కడ సంతకం నాదే."

ఉలుక్‌మాన్ పైలట్ వైపు తిరిగాడు. జపర్ టీలో రొట్టె ముంచుకుంటున్నాడు. "నన్ను చూడకండి సార్. ఆవిడ రాయందే నేను ఇంజను ముట్టను."

"మీ కాగితంలో రోడ్డుందిగా," అంది సైరకుల్. "దాని మీదే వెళ్ళండి."

అతనికి రోషం వచ్చింది. జీపు మాట్లాడుకుని బయల్దేరాడు. మూడు గంటల తర్వాత తిరిగొచ్చాడు. తొడలదాకా తడిసిపోయి ఉన్నాడు. పద్నాలుగో కిలోమీటరు తర్వాత రోడ్డు మంచు కింద ఉంది.

"ఆ మంచు ఎప్పుడు తీస్తారు?"

"ఎవరూ తియ్యరు. నవంబరులో పడ్డది, మే నెలలో అదే కరుగుతుంది."

మూడో రోజు పొద్దున తొమ్మిదిన్నరకి కనుమ కనిపించింది. సైరకుల్ వెంటనే పుస్తకంలో రాసి సంతకం పెట్టింది.

"ఇంకో రెండ్రోజులు నన్ను ఆపేస్తారేమో అనుకున్నా," అన్నాడు ఉలుక్‌మాన్.

"కనిపించింది. రాశాను."

అతను నివేదిక తీసి రోడ్డు వాక్యాన్ని కొట్టేశాడు. పైన 'నవంబరు నుంచి మే దాకా రోడ్డు లేదు' అని రాశాడు. సంచిలో పెట్టబోతుంటే సైరకుల్ కాగితం మీద చెయ్యి వేసింది.

"కొట్టేసిన చోట సంతకం, తేదీ."

"అది మీ పుస్తకానికి రూలు."

"కొట్టేసింది నా బల్ల మీద."

బయట జపర్ ఇంజను మొదలుపెట్టాడు. కిటికీ అద్దాలు అదిరాయి. ఆమె చెయ్యి తియ్యలేదు. ఉలుక్‌మాన్ కిటికీలోంచి కనుమ వైపు చూశాడు. పెన్ను మూత తీశాడు.